నూకరాజు భుజానికి ఆరో వారం

గుబ్బల నూకరాజు కుడి భుజం గర్భం దాల్చినట్టు ప్రభుత్వ కంప్యూటరు నమోదు చేసుకున్న రోజున, ఆ సంగతి నూకరాజుకి తెలియదు. తెలిసుంటే పెళ్లానికి ముందుగా తనే చెప్పుకునేవాడు. ఎవరో ఆశా కార్యకర్త వచ్చి చెబితే తెలుసుకోవలసిన గతి ఆవిడకి పట్టేది కాదు.

అసలు జరిగింది ఇంతే. నూకరాజు కోనసీమలో కొబ్బరి దింపు మనిషి. ముప్పయ్యేళ్లుగా రోజుకి నలభై చెట్లెక్కి దిగినవాడు. చెట్టు కింద నిలబడి ఒకసారి తలెత్తి చూస్తే చాలు, ఏ గెలలో ఎన్ని కాయలు ముదిరాయో చెప్పేవాడు. ఆ ఏడు వానాకాలంలో, తడిసిన చెట్టు మీద గెల అందుకోబోతుంటే కాలు జారింది. మోకు పట్టు తప్పింది. కుడిచేత్తో మట్ట పట్టుకుని అంత ఎత్తున వేలాడిపోయాడు. అప్పుడే భుజంలో ఏదో టప్పుమంది. ప్రాణం దక్కింది గానీ, ఆ చెయ్యి ఆ రోజు నుంచి పైకి లేవటం మానేసింది.

ఊళ్లో కట్లు కట్టే ఆయన ఆరు వారాలపాటు వేడి నూనె రాసి తోమాడు. మధ్యలో ఎక్స్‌రే తీయించారు. ఎముకలు ఉక్కుముక్కల్లా ఉన్నాయన్నారు. నిజమే, ఎముకలకేమీ కాలేదు. కానీ నూకరాజు చొక్కా గుండీలు పెళ్లాం మావుళ్ళే పెట్టాల్సొచ్చేది. అన్నం తింటుంటే చెయ్యి నోటిదాకా రాదు, నోరే వంగి చేతి దగ్గరకి వెళ్లాలి. చూసి చూసి మావుళ్ళు ఒకరోజు నూనె గిన్నె పెరట్లోకి గిరాటేసింది.

"ఈ తోముడు గిన్నెలకి పనికొస్తాది గానీ మనిషికి కాదు. పద, పట్నం ఆసుపత్రికి పద," అంది.

పట్నం సర్కారు ఆసుపత్రిలో కీళ్ల డాక్టరమ్మ పేరు హేమనళిని. వచ్చి ఏడాది కాలేదు. ఆవిడ నూకరాజు చెయ్యి పట్టుకుని పైకెత్తి వదిలింది. చెయ్యి ఠపీమని కిందికి పడింది. రెండోసారి ఎత్తి వదల్లేదు.

"నూకరాజు గారూ, మీరు చెట్టెక్కేటప్పుడు నడుముకి మోకు కట్టుకుంటారు కదా?"

"ఆయ్, అది లేకపోతే ఎక్కం కదండీ."

"భుజంలో కూడా అలాంటివి నాలుగున్నాయి. కండని ఎముకకి కట్టి ఉంచే తాళ్లు. వాటిలో ఒకటి తెగిందని నా అనుమానం. ఎక్స్‌రేలో ఎముక కనపడుతుంది గానీ తాడు కనపడదు. నిజంగా తెగితే ఆపరేషను చేసి మళ్లీ ఎముకకి కుట్టెయ్యొచ్చు. దెబ్బ తగిలిన మూడు నెలల్లోపైతే బాగా అతుకుతుంది. నాలుగు దాటితే కొస లోపలికి ముడుచుకుపోతుంది, ఇక దొరకదు."

"దొరక్కపోతేనండీ?"

"చెయ్యి ఇలాగే ఉండిపోతుంది."

నూకరాజుకి భూమ్మీద చేసే పని ఏదీ రాదు. ఉన్న విద్యంతా చెట్టు మీదే.

డాక్టరమ్మ మూలనున్న తెల్లగుడ్డ తీసింది. దాని కింద స్కానింగు మిషను ఉంది, కీళ్ల కోసమని ఆవిడ మూడేళ్లపాటు, తను పనిచేసిన మూడు ఊళ్ల నుంచి ఉత్తరాలు రాసి తెప్పించుకున్నది. "దీంతో అయిదు నిమిషాల పని. భుజం మీద జిగురు రాసి ఈ పిడి ఆనిస్తాను. మీరు చెయ్యి కదుపుతుంటే లోపల తాడు కదులుతోందో, తెగి ఊగుతోందో ఎదురుగా కనపడుతుంది. కోత లేదు, నొప్పి లేదు."

"అయితే ఆనించండమ్మా, పుణ్యముంటాది."

"ఆనిస్తాను. ముందు ఆఫీసులో ఒక్క ఫారం నింపుకు రండి. ఆ నంబరు కొడితే గానీ మిషను తెరుచుకోదు."

ఇక్కడ చట్టం గురించి ఒక మాట చెప్పుకోవాలి. చట్టం మంచిది. కడుపులో ఉన్నది ఆడపిల్ల అని తెలుసుకుని అక్కడే తుంచేసే పాపిష్టి పని మన ఊళ్లలో జరుగుతోంది కాబట్టి, స్కానింగు చేసే ప్రతిచోటా కాపలా ఉండాలన్నారు. ఎంతో బుద్ధిగల మాట. అయితే చట్టం రాసినవాళ్లు ఒక చోట ఉంటారు, దాన్ని అమలు చేసేవాళ్లు ఇంకో చోట ఉంటారు. ఈ ఆసుపత్రిలో అమలు చేసే మనిషి పేరు పుండరీకాక్షయ్య.

సీనియర్ అసిస్టెంటు పుండరీకాక్షయ్య గారి సర్వీసు ముప్పయ్యొక్క సంవత్సరాలు. అంతకాలంలో ఒక్క కాలమ్ కూడా ఖాళీగా వదిలి ఎరుగరు. ఆయన కళ్లజోడు సవరించుకుని కంప్యూటరు ముందు కూర్చున్నారు.

"పేరు?"

"గుబ్బల నూకరాజండి."

"భర్త పేరు?"

నూకరాజు వెనక్కి తిరిగి మావుళ్ళుని చూశాడు. మావుళ్ళు గోడకేసి చూసింది.

"నాకు భర్తెవరండీ బాబూ? నేనే భర్తని."

"అది నాక్కనపడుతోందయ్యా. కంప్యూటరుకి కనపడదుగా? ఆ గడి నింపకపోతే కిందికి దిగదు. నీకు పెళ్లయిందా?"

"అయిందండి."

"ఎవరితో అయింది?"

"ఇదిగో, మావుళ్ళుతో."

"భర్త: మావుళ్ళు," అని పుండరీకాక్షయ్య టైపు కొట్టారు. కంప్యూటరు సంతోషంగా కిందికి దిగింది. "స్త్రీ అని దానంతటదే పడిపోయింది, దాన్ని మార్చే అధికారం మనకి లేదు. సంతానం?"

"ముగ్గురాడపిల్లలండి."

పుండరీకాక్షయ్య చేతులు మీటల మీద ఆగిపోయాయి. కళ్లజోడు పైనుంచి చూశారు.

"మగపిల్లలు?"

"లేరండి."

"ముగ్గురూ ఆడపిల్లలే. ఒక్క మగపిల్లాడూ లేడు. ఇప్పుడొచ్చి స్కానింగు కావాలంటున్నావు."

"భుజానికండీ!"

"అందరూ ఏదో ఒకటి చెబుతారు," అన్నారాయన, ఎంతో అనుభవంతో. ఫారం మీద ఎర్రగా ఒక నక్షత్రం వెలిగింది. దాని అర్థం ‘ప్రత్యేక నిఘా’ అని తర్వాత తెలిసింది.

"ఎన్ని వారాలు?"

"ఏంటండీ ఎన్ని వారాలు?"

"అది నాకు తెలీదు. వారాలు అనే గడి ఉంది. ఆరు నుంచి నలభై దాకా ఏ అంకె వేసినా తీసుకుంటుంది. సున్నా తీసుకోదు. నీకు సంబంధించి ఏదైనా వారాల్లెక్క ఉందా?"

"దెబ్బ తగిలి ఆరు వారాలైందండి."

"దొరికింది కదా!" అని పుండరీకాక్షయ్య ఆరు వేశారు. ఆయన మోసగాడు కాదు, లేని అంకె వెయ్యలేదు.

కంప్యూటరు ఒక నిమిషం ఆలోచించి కాగితం వదిలింది. ఆరో వారం కాబట్టి ఇప్పుడు స్కానింగుకి వీల్లేదనీ, నిబంధనల ప్రకారం పదకొండో వారంలో రావలసిందనీ అందులో ఉంది. అంతవరకు బరువులు మొయ్యకుండా, సంతోషంగా ఉండమని కూడా ఉంది.

నూకరాజు కాగితం పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ అది చదివి నుదురు కొట్టుకుంది. అందులో ఏముందో అతనికి విప్పి చెప్పకుండానే ప్రైవేటు స్కానింగు సెంటరుకి ఫోను చేసింది. నంబరు చెప్పగానే వాళ్లు, ‘ఈ కేసు మీ దగ్గర నమోదైపోయిందండీ, ఒక్క గర్భం రెండుచోట్ల ఎక్కదు’ అని పెట్టేశారు. పెద్దాసుపత్రిలో పెద్ద మిషనుంది, దానికి వరస సంక్రాంతి దాటాక. ఆపరేషను గదివాళ్లని అడిగితే, భుజం కొయ్యాలంటే ఏదో ఒక రిపోర్టు ఉండాల్సిందే అన్నారు. మూడు తలుపులు తట్టేసరికి పొద్దు వాలింది.

మూడో రోజు ఉదయం ఆశా కార్యకర్త కుసుమ సైకిలు మీద నూకరాజు ఇంటికొచ్చింది. చేతిలో సంచీ ఉంది.

"నూకరాజు అనే గర్భిణి ఇల్లు ఇదేనాండీ?"

అరుగు మీద బీడీ కాలుస్తున్న నూకరాజు చేత్తో బీడీ అలాగే పట్టుకుని ఉండిపోయాడు. పక్కింటివాళ్లు గోడ మీంచి చూశారు. ఎదురింటివాళ్లు వీధిలోకే వచ్చేశారు.

కుసుమ మంచిపిల్ల. మనిషిని చూడగానే విషయం అర్థమైంది, నవ్వొచ్చింది, పాపం ఆపుకుంది. "నాకు తెలుసు బాబాయ్, ఎక్కడో తప్పు జరిగింది. కానీ నా ఫోనులో నీ పేరొచ్చింది. నీకివ్వకపోతే నా మీద రాస్తారు. ఇవి ఐరను బిళ్లలు, ఇది పల్లీ చిక్కీ, రోజూ గుడ్డు అంగన్‌వాడీలో ఇస్తారు. బీడీ మానెయ్యాలి. ఈ గడిలో వేలిముద్ర వెయ్యి."

"నా చెయ్యి లెగవదే అమ్మాయ్."

"నేనే ఎత్తి వేయించుకుంటాలే."

ఆ రోజు నుంచి ఊళ్లో నూకరాజుకి తలెత్తుకోవటం కష్టమైపోయింది. టీకొట్టు దగ్గర ఒకడు పుల్ల చింతకాయ తెచ్చి చేతిలో పెట్టేవాడు. ఇంకొకడు కుర్చీ ఖాళీ చేసి, "కూకో బావా, నువ్వు నిలబడకూడదు" అనేవాడు. మావుళ్ళు మొదటి రెండ్రోజులూ పమిట చెంగు నోట్లో కుక్కుకుని పడీపడీ నవ్వింది. మూడోనాడు చొక్కా గుండీలు పెడుతూ, అతని కుడి భుజం ఎడం భుజం కంటే చిక్కిపోయి ఉండటం చూసింది. అక్కడితో నవ్వు పోయింది.

"నీ చేతికి పురుడు పోసేదాకా ఆగుతారా ఏం, దిక్కుమాలిన సచ్చినోళ్లు!" అని వీధంతా వినపడేలా తిట్టింది.

అటు డాక్టరమ్మ కూడా ఊరుకోలేదు. జిల్లా స్కానింగు పర్యవేక్షణ సంఘానికి ఉత్తరం మీద ఉత్తరం రాసింది. ఏడో వారంలో రాసింది, ఎనిమిదో వారంలో రాసింది, తొమ్మిదో వారంలో పిలుపొచ్చింది. బాధితుణ్ణి కూడా వెంటబెట్టుకు రమ్మన్నారు. బాధితుడు అని రాయలేదు, ‘సదరు గర్భిణి’ అని రాశారు.

సంఘానికి అధ్యక్షులు త్రివిక్రమరావు గారు. నిలువెత్తు మనిషి, తెల్లటి చొక్కా, జేబులో మూడు కలాలు. ఆయన కుర్చీ వెనక గోడ మీద ‘ఆడపిల్లను పుట్టనిద్దాం, బతకనిద్దాం’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆడపిల్లల గురించి ఆయన మాట్లాడితే సభల్లో ఆడవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటారని చెప్పుకునేవారు.

"సభ్యులందరికీ విషయము తెలిసినదే," అని ఆయన ప్రారంభించారు. "ముగ్గురు ఆడ సంతానము, మగ సంతానము శూన్యము. స్కానింగు నిమిత్తము అత్యుత్సాహము. నిఘా నక్షత్రము పడిన కేసు. డాక్టరు గారూ, తమరు చెప్పవలసినది చెప్పండి."

"సార్, ఇది భుజం స్కానింగు. ఈ మిషను పిడి చర్మం కింద రెండంగుళాల లోతు మించి చూడలేదు. కడుపు మీద పెట్టినా కడుపులోది కనపడదు."

"ఆ సంగతి మిషను కంపెనీ చెబుతోంది. చట్టము చెప్పుట లేదు."

"పోనీ సార్, ఆయనకి గర్భమే లేదు."

"లేదని ధ్రువపత్రము ఉందా?"

"లేదండి."

"తెప్పించండి."

"ప్రసూతి వార్డులో అడిగాను సార్. గర్భం లేదని రాయాలంటే స్కానింగు చేసి చూడాలన్నారు. స్కానింగు చెయ్యాలంటే మీ అనుమతి కావాలి."

"అయితే మా అనుమతి కొరకు ధ్రువపత్రము జతపరచండి," అన్నారు త్రివిక్రమరావు గారు, చిక్కుముడి విప్పినవాడిలా.

డాక్టరమ్మ ఓపిక నశించింది. "సార్, ఆయన మగవాడండీ!"

ఒక సభ్యుడి చేతిలో బిస్కెట్టు టీలో మునిగి విరిగిపోయింది. త్రివిక్రమరావు గారు నెమ్మదిగా కలం మూత తీశారు.

"డాక్టరు గారూ, ఏమన్నారు?"

"మగవాడు అన్నాను."

"స్కానింగు నమోదులో ఉన్న వ్యక్తి గురించి, స్కానింగు చేయబోవు డాక్టరు, ఇంతమంది సాక్షుల ఎదుట, లింగము ప్రకటించారు. ఏ చట్టము కింద మనము ఇక్కడ కూర్చున్నామో తమకు తెలియునా? మాటతో గాని, సంజ్ఞతో గాని, మరే విధముగా గాని తెలుపరాదు. మొదటి తప్పు కనుక హెచ్చరికతో విడిచిపెడుతున్నాము. మినిట్సులో రాయండి."

నూకరాజు లేచి దణ్ణం పెట్టబోయాడు. ఎడం చెయ్యి గుండె దాకా వచ్చింది గానీ కుడిది నడుం దగ్గరే ఉండిపోయింది. "అయ్యా, నేను మగోణ్ణో ఆడదాన్నో మీరెలా రాసుకున్నా నాకభ్యంతరం లేదండి. ఆ తాడేదో తెగిందో లేదో చూడనివ్వండి. నెల్లు దాటిపోతున్నాయంట. నేను చెట్టెక్కితేనే మా పొయ్యి వెలిగేది."

సభ్యుల్లో ఒకరికి జాలేసింది. దాంతో సంఘం రెండు గంటలపాటు చర్చించి, మానవతా దృక్పథంతో షరతుల మీద అనుమతి ఇచ్చింది. పదకొండో వారంలో స్కానింగు చేయవచ్చు. చేసే ముందు భుజానికీ పొట్టకీ మధ్య దూరం టేపుతో కొలిచి రాయాలి. పిడి జారి కిందికి పోకుండా ఒక మహిళా కానిస్టేబులు కాపలా ఉండాలి. డాక్టరు నోరు విప్పకూడదు. నీలం సిరా, ఎర్ర సిరా వాడకూడదు, ఎందుకంటే దొంగ సెంటర్లలో వాటితో సైగలు చేసుకుంటారు. మిఠాయి కూడా మగపిల్లాడికి సైగే కాబట్టి, ఆసుపత్రికి కూతవేటు దూరంలో అది కనపడకూడదు. కనపడిందేదైనా నల్ల సిరాతో రాసి, కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి సంఘానికి అందజేయాలి. గది బయట బోర్డు ఉండాలి.

బోర్డు పుండరీకాక్షయ్య గారే రాయించారు. ‘ఈ గదిలో భుజములు, మోకాళ్లు, మడమల యొక్క లింగము తెలుపబడదు. అడుగుట నేరము.’ దాన్ని చూసి, మోకాలు నొప్పికి వచ్చిన ఒక ముసలాయన నమస్కారం పెట్టి వెనక్కి వెళ్లిపోయాడు.

పదకొండో వారం రానే వచ్చింది. నూకరాజు చొక్కా విప్పి స్టూలు మీద కూర్చున్నాడు. కానిస్టేబులు టేపు పట్టింది. భుజానికీ బొడ్డుకీ మధ్య ఇరవై అంగుళాలు. పుండరీకాక్షయ్య రెండుసార్లు కొలిపించి సంతకం పెట్టారు. త్రివిక్రమరావు గారు స్వయంగా వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. ఇంత ప్రతిష్ఠాత్మకమైన భుజం జిల్లాలో ఇంకొకటి లేదు.

డాక్టరమ్మ మాస్కు కట్టుకుని జిగురు రాసింది. పిడి ఆనించింది. నూకరాజు చేతిని మెల్లగా వెనక్కి తిప్పింది, ముందుకి తెచ్చింది. తెర మీద బూడిదరంగు చారలు కదిలాయి. నూకరాజు తెర వంక చూడలేదు. ఆవిడ కళ్ల వంకే చూశాడు. మాస్కు పైన కనపడేవి అవే.

ఒకచోట పిడి ఆగింది. ఆవిడ తెర దగ్గరికి వంగింది. అప్పుడు ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆపండి!" అని త్రివిక్రమరావు గారు గట్టిగా అరిచారు. "కళ్లు! కళ్లతో తెలిపారు! మాట, సంజ్ఞ, మరే విధముగా గాని అని స్పష్టముగా ఉంది. కన్నీరు ‘మరే విధము’ కిందికి వస్తుంది. వెంటనే మిషను సీజు చేయండి!"

"సార్, పూర్తయింది. రాసి ఇచ్చేస్తాను," అంది డాక్టరమ్మ. గొంతు వణికింది, అది కూడా రాసుకున్నారు. నల్ల సిరాతో నాలుగు ముక్కలు రాసి కవరులో పెట్టింది. లక్క కరిగించి ముద్ర వేశారు. మిషనుకి గుడ్డ కప్పి, తాడు కట్టి, దానికీ లక్క ముద్ర వేశారు. భుజం లోపలి తాడు సంగతేమో గానీ మిషను తాడు మాత్రం గట్టిగా పడింది. డాక్టరమ్మని ముఖకవళికల నియంత్రణ మీద ఇరవయ్యొక్క రోజుల శిక్షణకి రాజధానికి పంపించేశారు. వెళ్లేముందు ఫోను కూడా తీసుకున్నారు.

"కవరు ఎప్పుడు విప్పుతారండీ?" అని నూకరాజు అడిగాడు.

పుండరీకాక్షయ్య కంప్యూటరు చూసి చెప్పారు. "నలభై వారాలు నిండాక. కాన్పయ్యాక అందరికీ ఎలాగూ తెలిసేదే కదా, అప్పుడు విప్పితే ఆక్షేపణ లేదు. నీకు ఇరవై తొమ్మిది వారాలుంది."

"అప్పటికి నా చెయ్యి మిగలదండీ."

"రూలు చెప్పాను గానీ చెయ్యి సంగతి నేనేం చెప్పగలనయ్యా," అన్నారాయన. ఆ మాటలో కోపం లేదు, జాలి కూడా కొంచెం ఉంది. కానీ జాలికి గడి లేదు.

తర్వాత మూడు వారాలు నూకరాజు రోజూ సంఘం ఆఫీసుకి వెళ్లాడు. తొలి బస్సుకి వెళ్లి, వసారాలో బల్ల మీద కూర్చుని, ఆఖరి బస్సుకి వచ్చేవాడు. రోజూ అక్కడి గోడకి కుడి చెయ్యి ఆనించి, వేళ్లని పైకి పాకించి చూసుకునేవాడు. గోడ మీద బొగ్గుతో గీత గీసిపెట్టుకున్నాడు. మొదటివారం ఆ గీత దాకా చెయ్యి వెళ్లింది. మూడోవారానికి గీత అందలేదు. ఇంటికెళ్లాక మావుళ్ళు అడిగితే, "ఇయ్యాల కూడా సారు బిజీ అంట" అనేవాడు. గీత సంగతి చెప్పేవాడు కాదు.

దెబ్బ తగిలి పద్నాలుగో వారం నిండిన రోజున లోపలికి పిలిచారు. త్రివిక్రమరావు గారు ఫైలు తిరగేస్తున్నారు. నూకరాజు ఆ రోజు దణ్ణం కూడా పెట్టలేదు.

"అయ్యా, ఆ కవరు నాకొద్దండి. మీరే విప్పి, మీరే చదూకుని, తెగిందో లేదో తల ఊపండి చాలు."

"సంజ్ఞ," అన్నారు త్రివిక్రమరావు గారు. "నన్నే సంజ్ఞ చేయమంటున్నావు. నీ అవస్థ నాకు అర్థమవుతోంది. కానీ నియమము అనేది..."

టేబులు మీద ఫోను మోగింది. ఆయన ‘హలో’ అన్నారు. ఆ మొహం చూస్తుండగానే విప్పారింది. "ఆఁ! నిజమా? నిజంగా? చూసినాయన తేల్చి చెప్పాడా? అబ్బ, ఎంత మంచి మాట చెప్పావురా!" అని లేచి నిలబడిపోయారు. ఫోను పెట్టేసి బంట్రోతుని కేకేశారు. కారులో ఉన్న పూతరేకుల డబ్బా తెప్పించారు. ఈ కబురు కోసమే కాబోలు, ముందే కొని సిద్ధంగా ఉంచుకున్నారు.

"మా కోడలికి నాలుగో నెల," అన్నారు, ఆనందం పట్టలేక, ఎవరితో అంటున్నారో చూసుకోకుండా. "వారసుడొస్తున్నాడు! మొదట ఆడపిల్ల కదా, ఇంట్లో అందరూ ఒకటే దిగులుగా ఉండేవారు. గండం గడిచింది. తీసుకో, నువ్వూ తీసుకో."

డబ్బా టేబులు మీంచి ముందుకొచ్చింది. నూకరాజు ఎడం చెయ్యి చాచాడు.

"ఛ ఛ! శుభమా అంటూ ఎడం చెయ్యేంటయ్యా? కుడిచేత్తో తీసుకో."

నూకరాజు కుడి చెయ్యి చాచబోయాడు. అది టేబులు అంచు దాకా లేచి ఆగిపోయింది. పళ్లు బిగపట్టి ఇంకో ప్రయత్నం చేశాడు. నుదుటి మీద చెమట పట్టింది. డబ్బాకీ వేళ్లకీ మధ్య జానెడు దూరం అలాగే ఉంది. త్రివిక్రమరావు గారు మొదటిసారి ఆ చేతిని చూశారు. పద్నాలుగు వారాల ఫైలులో అది ఆయనకి కనపడలేదు.

నూకరాజు చెయ్యి దించుకున్నాడు. అతని గొంతులో వెటకారం ఏమీ లేదు. అవసరంలో ఉన్నవాడు అడిగినట్టే అడిగాడు.

"బాబుగారూ, కోడలమ్మగారికి నాలుగో నెల్లోనే చూసి చెప్పిన ఆ మిషను ఎక్కడుందండీ? నా భుజం కూడా అక్కడే చూపించుకుంటాను."

త్రివిక్రమరావు గారి చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. బంట్రోతు కిటికీలోంచి బయటికి చూడటం మొదలెట్టాడు. గోడ మీద పెద్ద అక్షరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కాసేపటికి ఆయన డబ్బా మూత పెట్టారు, బీరువా తెరిచారు, లక్క ముద్ర కవరు తీసి ఇచ్చారు. ఏ రూలు కిందో చెప్పలేదు. సంతకం అడగలేదు. మినిట్సులో ఆ రోజు సమావేశమే జరగలేదని ఉంది.

నూకరాజు కవరు ఎడం చేత్తోనే అందుకున్నాడు. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు.

వసారాలోకొచ్చి పళ్లతో లక్క కొరికి కవరు చింపాడు. డాక్టరమ్మ అతని కోసమే తెలుగులో రాసింది. పెద్ద అక్షరాలు, నల్ల సిరా. కూడబలుక్కుని చదివాడు. ‘తాడు పూర్తిగా తెగింది. కొస ఇంకా అందుతోంది, కానీ రోజురోజుకీ వెనక్కి జారుతుంది. వెంటనే ఆపరేషను చెయ్యాలి.’ వెంటనే అన్న మాట కింద రెండు గీతలున్నాయి. ఆ కింద తేదీ ఉంది. మూడు వారాల కిందటిది.

నూకరాజు కవరుని చొక్కాలో దోపుకుని ఆఫీసు మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగాడు. ముప్పయ్యేళ్లలో ఏ చెట్టూ అంత తొందరగా దిగలేదు.